అతిథి అభిమానులు వచ్చే రోజు స్టేడియాన్ని ఎలా నడపాలి

ఫుట్‌బాల్ స్టేడియంలో హోరు ఒక్క వైపు నుంచే పుట్టదు. ఓ మూల నుంచి రెండు మూడు వేల గొంతులు పాట ఎత్తుకుంటే, దానికి బదులివ్వడానికే మిగతా స్టేడియం లేచి నిలబడుతుంది. ఆ మూల ఖాళీగా ఉన్న రోజు ముప్పై వేల మంది కూర్చున్నా గోల్ పడితే తప్ప నోరు విప్పరు. అవతలి జట్టు వెంట వచ్చేవాళ్లను ఎలా రానిస్తారు, ఎక్కడ కూర్చోబెడతారు, ఎలా సాగనంపుతారు అన్నవి పోలీసుల పనులని వదిలేయకండి. మీ స్టేడియం ఎలా మోగుతుందో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

అసలు రానివ్వకపోతే గొడవే ఉండదు కదా అనేవాళ్లు ప్రతి క్లబ్‌లోనూ ఉంటారు. ఇండోనేషియాలోని మలాంగ్‌లో 2022 అక్టోబర్ 1న కంజురుహాన్ స్టేడియంలో 135 మంది ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి అతిథి అభిమానులు లోపల లేరు, వాళ్లకు ముందే ప్రవేశం లేదన్నారు. మ్యాచ్ ఓడిపోయాక కొందరు హోమ్ అభిమానులు, అంటే ఆ స్టేడియం సొంత జట్టు అభిమానులు, మైదానంలోకి దిగారు. పోలీసులు స్టాండ్‌ల మీదికి బాష్పవాయువు వదిలారు. ఊపిరాడక పరుగెత్తినవాళ్లు ఇరుకు గేట్ల దగ్గర నలిగిపోయారు. అతిథుల్ని ఆపినా గేట్లు, మెట్లు, సిబ్బంది పద్ధతి సరిగా లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే చేదు ఉదాహరణ అక్కర్లేదు.

ఈ సూచనలు మ్యాచ్ నిర్వహించే క్లబ్ సిబ్బందికి, సేఫ్టీ ఆఫీసర్లకు, అభిమాన సంఘాలకు. లెక్కలన్నీ 3,000 మంది అతిథులకు వేసినవి. మీ దగ్గరికి 300 మందే వస్తే పదో వంతు చేసుకోండి.

సీట్లు ఎన్ని, ఏ మూలన

ముందు మీ టోర్నీ నిబంధనలు తెరిచి కేటాయింపు ఎంతో చూడండి. యూఈఎఫ్ఏ (ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య) పోటీల్లో స్టేడియం సామర్థ్యంలో 5 శాతం అతిథులకు ఇవ్వాలి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 3,000 టికెట్లు, స్టేడియం చిన్నదైతే సామర్థ్యంలో 10 శాతం. జర్మనీ బుండెస్‌లిగాలో 10 శాతం. ఇంగ్లండ్‌లోనే ఎఫ్ఏ కప్ పోటీలో 15 శాతం దాకా అడిగే హక్కు ఉంటుంది. సీజన్ టికెట్లు అమ్మకముందే ఈ సంఖ్య పక్కన పెట్టండి. అమ్మేశాక సొంత అభిమానుల్ని వాళ్ల సీట్లలోంచి లేపాల్సి వస్తే ఆ కోపం తిరిగి తిరిగి అతిథుల మీదికే మళ్లుతుంది.

ఇప్పుడు మూల ఎంచుకోండి. చాలా క్లబ్‌లు తమకు పనికిరాని సీట్లు ఏవో చూసుకుని వాటిని అతిథులకు కట్టబెడతాయి. పై అంచెలో చివరి వరసలు, స్తంభం అడ్డొచ్చే సీట్లు, కప్పు లేని చోటు. న్యూకాజిల్‌లోని సెయింట్ జేమ్స్ పార్క్ స్టేడియంలో అతిథులు పై అంచెలో ఎంత ఎత్తున ఉంటారో, అక్కడికి ఎన్ని మెట్లెక్కాలో ఇంగ్లండ్ అభిమానులందరికీ తెలుసు. అంత పైనుంచి వచ్చే పాట మైదానం చేరేలోపే సగం కరిగిపోతుంది. ఆటగాళ్లకు తమవాళ్లు కనిపించరు, హోమ్ స్టాండ్‌కు బదులిచ్చే గొంతు దొరకదు. మైదానం గీత దగ్గర మొదలై పైదాకా నిలువుగా సాగే మూల బ్లాక్ ఇవ్వండి. మీ సొంత పాటగాళ్లు కూర్చునే స్టాండ్‌కు అది ఎదురుగానో, ఏటవాలుగానో ఉండాలి. రెండు గుంపులు ఒకరినొకరు చూసుకోగలిగితే సగం వాతావరణం దానంతట అదే వస్తుంది.

ఎంచుకున్న బ్లాక్‌కు వీధిలోంచి విడి దారి ఉందా, లోపల విడి మరుగుదొడ్లు, తినుబండారాల కౌంటర్ ఉన్నాయా, బయటికి పోయే దారి హోమ్ అభిమానుల దారిని ఎక్కడైనా కోస్తుందా అన్నవి నడిచి చూసి తేల్చుకోండి. కాగితం మీద వేరుగా కనిపించే రెండు దారులు పార్కింగ్ దగ్గర కలిసిపోవడం తరచూ జరిగేదే.

విడదీసే ఖాళీ విషయంలో రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, ఖాళీ మరీ ఎక్కువగా వదిలేసి వందల సీట్లు వృథా చేయడం. చేతులు అందకుండా, ఎవరూ ఒక్క గెంతులో దాటకుండా ఉంటే చాలు. మామూలు మ్యాచ్‌కు నాలుగైదు సీట్ల వెడల్పు, వాటి మీద బిగించి కట్టిన వల, రెండు వైపులా స్టీవర్డ్‌ల (జనాన్ని చూసుకునే స్టేడియం సిబ్బంది) వరస సరిపోతాయి. విసిరిన నాణెం ఇరవై మీటర్లైనా దాటుతుంది, కాబట్టి దాన్ని ఖాళీతో ఆపలేరు. ఎవరు విసిరారో చూడగలిగే కెమెరాతోనే ఆపగలరు. రెండో తప్పు, నిలువు గురించి మర్చిపోవడం. అతిథుల నెత్తిన హోమ్ అభిమానుల పై అంచె ఉంటే కప్పులు, ద్రవాలు కింద పడతాయి. పై అంచెలో ముందు రెండు వరసలు అమ్మకండి, లేదా అంచు కింద వల కట్టండి.

పక్క బ్లాక్ టికెట్లు ‘తటస్థులకు’ అని అమ్మకండి. 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హైసెల్ స్టేడియంలో జడ్ బ్లాక్ అలా తటస్థులకు కేటాయించిందే. ఆ టికెట్లు ఎక్కువగా ఆ రోజు ఆడుతున్న ఇటలీ క్లబ్ యువెంటస్ అభిమానుల చేతికి చేరాయి. వాళ్లకూ అవతలి జట్టు, ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ అభిమానులకూ మధ్య ఉన్నది పల్చటి కంచె. లివర్‌పూల్ వైపు నుంచి గుంపు మీదికి దూసుకొచ్చింది. వెనక్కి తగ్గినవాళ్లు చివరి గోడ దగ్గర ఇరుక్కున్నారు, ఆ గోడ కూలింది. 39 మంది చనిపోయారు. అతిథి బ్లాక్‌కు ఆనుకుని ఉన్న సీట్లను మీ పాత సీజన్ టికెట్‌దారులకో, కుటుంబాలకో ఇచ్చి, ఎవరు ఎక్కడ ఉన్నారో పేరుతో సహా తెలిసేలా ఉంచుకోండి.

చక్రాల కుర్చీలో వచ్చే అతిథుల చోటు అతిథుల మధ్యే ఉండాలి. హోమ్ స్టాండ్‌లో ఓ పక్కన కూర్చోబెడితే తమ జట్టు గోల్ కొట్టినప్పుడు బిక్కుబిక్కుమంటూ నోరు మూసుకుని కూర్చోవాలి. ఆ చోటు ఎత్తుగా ఉందో లేదో కూడా చూడండి. ముందున్నవాళ్లంతా లేచి నిలబడ్డప్పుడు, కుర్చీలో ఉన్న మనిషికి గోల్ పోస్ట్ కనిపించాలి. మీరే ఒక కుర్చీలో కూర్చుని, ముందు వరసలో నలుగురు సిబ్బందిని నిలబెట్టి పరీక్షించండి. సహాయకుడి సీటు వెనక కాదు, పక్కనే ఉండాలి.

ధర విషయం ఒక్క మాటలో తేలుతుంది. అలాంటి హోమ్ సీటుకు ఎంతో, అతిథికీ అంతే. ప్రీమియర్ లీగ్‌లో 2016-17 సీజన్ నుంచి అతిథి టికెట్‌కు 30 పౌండ్ల గరిష్ఠ పరిమితి ఉంది. యూఈఎఫ్ఏ కూడా తన పోటీల్లో ఇలాంటి పరిమితి పెట్టింది.

రెండు వారాల ముందు ఒక ఫోన్, ఒక కాగితం

యూఈఎఫ్ఏ లైసెన్స్ కావాలంటే 2012-13 సీజన్ నుంచి ప్రతి క్లబ్ అభిమానులతో మాట్లాడే ఒక అనుసంధాన అధికారిని పెట్టుకోవాలి. అవతలి క్లబ్‌లో ఆ మనిషి ఎవరో కనుక్కుని నేరుగా మాట్లాడండి. మీకు ఆ నిబంధన వర్తించకపోయినా వాళ్ల అభిమాన సంఘంలో పెద్దగా వ్యవహరించే ఒకరు తప్పకుండా ఉంటారు. బస్సులు ఎన్ని, రైల్లో వచ్చేవాళ్లు ఎందరు, ఏ రైలు? పిల్లలు, వృద్ధులు, చక్రాల కుర్చీలు ఎన్ని? డ్రమ్ములు, మెగాఫోన్లు, జెండాలు, బ్యానర్లు ఎన్ని, ఎంత పొడవు? పోయినసారి మీ దగ్గర వాళ్లకు ఏం ఇబ్బంది అయింది? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. మీ రికార్డుల్లో ఎక్కడా లేని విషయాలు ఆ జవాబులో దొరుకుతాయి.

ఫోన్‌లో సరే అన్నవన్నీ అదే రోజు కాగితం మీద పెట్టండి. అతిథుల కోపానికి అన్నిటికంటే మామూలు కారణం ఇక్కడే మొదలవుతుంది. ఆఫీసులో ఎవరో ‘డ్రమ్ తెచ్చుకోండి’ అంటారు, గేటు దగ్గర స్టీవర్డ్‌కు ఆ సంగతి తెలియదు. ఆరు గంటలు బస్సులో వచ్చిన మనిషి చేతిలోంచి డ్రమ్ లాక్కుంటారు. వెనక ఉన్న రెండు వందల మంది అది చూస్తారు. డ్రమ్ ఒక వైపు తెరిచి ఉండాలి, లోపల చూడటానికి వీలుగా. కర్రలు రెండే. పెద్ద బ్యానర్‌కు మంటలంటని బట్ట అన్న ధ్రువపత్రం ఉండాలి. ఈ షరతులు, అనుమతించిన వస్తువుల సంఖ్య, తెచ్చేవారి పేరు ఉన్న జాబితా ప్రతి అతిథి గేటు దగ్గరా అట్టకు అంటించి ఉంచండి.

అభిమానులకు పంపే సమాచార పత్రం ఒక పేజీ దాటకూడదు. స్టేషన్ నుంచి నడిచే దారి, బస్సులు ఆగే చోటు, గేట్లు తెరిచే సమయం, బ్యాగ్ ఎంత పెద్దది తేవచ్చు, పెద్ద బ్యాగ్ ఎక్కడ దాచుకోవచ్చు, డబ్బు నగదా కార్డా, మ్యాచ్ తర్వాత ఆపుతారా లేదా. నిషేధాల జాబితాతో మొదలుపెట్టకండి. మొదటి గీతలో రమ్మని పిలవండి. ఇంటికొచ్చిన చుట్టాన్ని గడప దగ్గరే జేబులు చూపించమంటే ఎలా ఉంటుందో, నిషేధాలతో మొదలయ్యే కాగితం అలాగే ఉంటుంది.

గేటు లెక్క

ఇక్కడ తొందరపడకండి, కాగితం కలం తీసుకుని కూర్చోండి. స్టేడియంలో పెద్ద ప్రమాదాలు చాలావరకు లోపలికి వచ్చే దారిలోనో, బయటికి పోయే దారిలోనో జరిగినవే.

బ్రిటన్‌లో స్టేడియాల భద్రతకు ప్రామాణికంగా వాడే ‘గ్రీన్ గైడ్’ ప్రకారం ఒక టర్న్‌స్టైల్ (ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేటు) గుండా గంటకు 660 మందికి మించి లెక్కలోకి తీసుకోకూడదు. 3,000 మందికి గంటలో ఐదు టర్న్‌స్టైల్స్ చాలనిపిస్తుంది. కానీ జనం గంట పొడవునా సమానంగా రారు. బస్సులు ఒకేసారి దిగుతాయి. అరవై శాతం, అంటే 1,800 మంది చివరి అరగంటలో వస్తారనుకోండి. గంటకు 3,600 మంది వేగం అది. ఆరు టర్న్‌స్టైల్స్ కావాలి.

అసలు చిక్కు టర్న్‌స్టైల్‌కు ముందున్న తనిఖీలో ఉంటుంది. ఒక మనిషిని తడిమి చూడటానికి 15 సెకన్లు పడితే ఒక తనిఖీదారు గంటకు 240 మందిని పంపగలరు. 3,600 వేగానికి 15 మంది తనిఖీదారులు కావాలి. మీరు ఎనిమిది మందినే పెడితే? వాళ్లు గంటకు 1,920 మందిని పంపుతారు. 1,800 మంది లోపలికి వెళ్లడానికి 56 నిమిషాలు. కిక్కాఫ్‌కు, అంటే ఆట మొదలవడానికి, అరగంట ముందు వచ్చినవాళ్లలో ఆఖరి మనిషి 26వ నిమిషంలో సీటు చేరతాడు. లోపలి నుంచి గోల్ కేక వినిపిస్తే క్యూ ఒక్కసారిగా ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుకు బాధ్యులు క్యూలో ఉన్నవాళ్లు కాదు, ఎనిమిది మందిని పెట్టినవాళ్లు. తనిఖీకి మహిళా సిబ్బంది సరిపడా లేకపోతే ఆ ఒక్క వరసే మిగతా అన్నింటికంటే వెనకబడుతుంది, ఇది కూడా లెక్కలో వేయండి.

1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగింది ఈ లెక్కతోనే అర్థమవుతుంది. లివర్‌పూల్ అభిమానుల్లో టెరస్ (నిలబడి చూసే మెట్లు) టికెట్లున్న 10,100 మందికి ఉన్నవి ఏడు టర్న్‌స్టైల్స్. ఒక్కోదానికి 1,440 మందికి పైగా. గంటకు 660 చొప్పున రెండు గంటల పైమాట. బయట ఒత్తిడి పెరిగింది, కిక్కాఫ్ వాయిదా వేయలేదు, 2 గంటల 52 నిమిషాలకు పోలీసులు బయటికి వెళ్లే గేటు ఒకటి తెరిపించారు. లోపల అప్పటికే నిండిపోయిన మధ్య పెన్‌లకు (కంచెలతో విడగొట్టిన టెరస్ భాగాలకు) వెళ్లే సొరంగం మూయలేదు. 97 మంది చనిపోయారు. తప్పు అభిమానులదేనని ఏళ్ల తరబడి నిందించారు, అది అబద్ధమని తర్వాత విచారణల్లో తేలింది.

అందుకని కొన్ని పనులు ముందే ఖాయం చేసుకోండి. టికెట్ తొలి చూపు గేటుకు దూరంగా, వెడల్పైన చోట పెట్టండి. తర్వాత తనిఖీ, ఆ తర్వాత టర్న్‌స్టైల్. మూడింటి మధ్యా మనుషులు పలచబడటానికి చోటుండాలి. వాలు కింద, అండర్‌పాస్ నోటి దగ్గర తొలి చెక్‌పాయింట్ ఎప్పుడూ పెట్టకండి. 2022 మే 28న పారిస్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కు రైలు దిగిన లివర్‌పూల్ అభిమానుల్ని అలాంటి ఇరుకులోకే పంపారు. మ్యాచ్ అరగంటకు పైగా ఆలస్యమైంది. బయట క్యూల్లో ఉన్నవాళ్ల మీద బాష్పవాయువు వాడారు. ఆలస్యానికి కారణం అభిమానులు ఆలస్యంగా రావడమేనని స్టేడియం తెర మీద రాశారు. యూఈఎఫ్ఏ వేయించిన స్వతంత్ర సమీక్షే 2023లో ప్రధాన బాధ్యత యూఈఎఫ్ఏదని చెప్పింది.

క్యూను ఎవరు గమనిస్తారు అన్నది పేరుతో నిర్ణయించండి. ఆ మనిషి పని ఒక్కటే: చదరపు మీటరుకు ఎంతమంది ఉన్నారో కనిపెట్టడం. నలుగురి దాకా పర్వాలేదు. ఐదుకు చేరితే ప్రమాదం మొదలైనట్టే. దగ్గరగా చూస్తే గుర్తులు తెలుస్తాయి. జనం జేబులోంచి ఫోన్ తీయడం మానేస్తారు, ఎందుకంటే చెయ్యి కిందికి పోదు. గడ్డాలు పైకి లేస్తాయి. పిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకుంటారు. గుంపు మొత్తం ఒకే వైపు అలలా ఒరుగుతుంది. ఇలా కనిపించిన క్షణం వెనక నుంచి వచ్చేవాళ్లను ఆపాలి. ముందు నుంచి అరిచి లాభం లేదు, ముందున్నవాళ్లు కదల్లేరు.

కిక్కాఫ్ వాయిదా నిర్ణయం ఎవరిదో, ఎన్ని గంటలకు తీసుకుంటారో ముందురోజే రాసి పెట్టుకోండి. కిక్కాఫ్‌కు 20 నిమిషాల ముందు క్యూలో ఎందరున్నారో లెక్కించి, మీ వేగంతో భాగించండి. సమయం దాటుతుందని తేలితే వాయిదా వేసి, ఆ మాట ముందు క్యూలోనే మైక్‌లో చెప్పండి. ‘మీరు లోపలికి వచ్చాకే ఆట మొదలవుతుంది’ అన్న ఒక్క వాక్యం తోపులాటను సగానికి తగ్గిస్తుంది.

స్టీవర్డ్ నోట మొదటి మాట

2004 యూరో, అంటే ఐరోపా దేశాల ఫుట్‌బాల్ టోర్నీ, పోర్చుగల్‌లో జరిగింది. పెద్ద నగరాల్లో పోలీసులు కవచాలు, లాఠీలు కనిపించకుండా ఇద్దరిద్దరుగా జనంలో తిరిగారు, మాట్లాడారు, చిన్న అల్లరిని చూసీ చూడనట్టు వదిలేసి హద్దు దాటినవాణ్ని మాత్రమే పట్టుకున్నారు. ఇంగ్లండ్ అభిమానులతో అక్కడ పెద్ద గొడవలు జరగలేదు. వేరే పోలీసు విభాగం చూసుకున్న అల్బుఫైరా పట్టణంలో ఆ పద్ధతి లేదు, అక్కడ అల్లర్లు అయ్యాయి. క్లిఫర్డ్ స్టాట్ వంటి పరిశోధకులు దీన్ని వివరంగా చూసి చెప్పింది ఇదే: గుంపు మొత్తాన్ని నేరస్థుల్లా చూస్తే, నిన్నటిదాకా సంబంధం లేనివాళ్లు కూడా గొడవకారుల పక్కన చేరతారు.

మీ సిబ్బందికి మ్యాచ్ ముందు చెప్పే మాటల్లో ఇది పెట్టండి. స్టీవర్డ్ మొదటి మాట పలకరింపు కావాలి. ‘ప్రయాణం బాగా జరిగిందా? మీ బ్లాక్ ఎడమ వైపు, మెట్లు ఎక్కగానే మరుగుదొడ్లు.’ ఐదు సెకన్ల పని. మొహం చూడకుండా చేతులెత్తమనడం కూడా ఐదు సెకన్లే. అతిథులు ఆ గంటన్నర మీ సిబ్బంది మాట వింటారా లేదా అన్నది ఆ ఐదు సెకన్లలోనే సగం తేలుతుంది.

సంఖ్య విషయానికి వస్తే, 250 మందికి ఒక స్టీవర్డ్, ఉద్రిక్తత ఉన్న మ్యాచ్‌లో 100 మందికి ఒకరు అన్నది బ్రిటన్‌లో వాడుకలో ఉన్న లెక్క. అతిథి క్లబ్ నుంచి కూడా స్టీవర్డ్‌లను పంపమని అడగండి. పదిమంది వచ్చినా చాలు. వాళ్లకు మొహాలు తెలుసు, ఎవరు ఉత్తి గొంతు మనిషో, ఎవరు నిజంగా చెయ్యి ఎత్తుతాడో తెలుసు. వాళ్లను బయట తిప్పకుండా లోపలి నడవాల మొదట్లో నిలబెట్టండి.

సీట్ల బ్లాక్‌లో నిలబడి చూడటం గురించి గొడవ పెట్టుకోవద్దు. అతిథులు తొంభై నిమిషాలూ నిలబడే ఉంటారు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టాలని చూస్తే మ్యాచ్ అంతా కొట్లాటే. ఇంగ్లండ్‌లో 2022 నుంచి రైలింగ్ ఉన్న సీట్లతో నిలబడటాన్ని అనుమతిస్తున్నారు. నడుము ఎత్తున గట్టి కడ్డీ ఉంటుంది, గోల్ పడ్డప్పుడు వెనక వరస ముందు వరస మీద పడదు. కొత్తగా బిగిస్తే ముందు అతిథి బ్లాక్‌లోనే బిగించండి. మీరు పట్టు విడవకూడనిది ఒకటుంది: మెట్ల దారి. నడవాలో, మెట్ల మీద ఎవరూ నిలబడకూడదు. కారణం చెప్పి అడగండి: ‘ఎవరికైనా గుండె నొప్పి వస్తే స్ట్రెచర్ ఇక్కడి నుంచే రావాలి.’

ఎవరినైనా బయటికి పంపాల్సి వస్తే ఇద్దరు మీ స్టీవర్డ్‌లు, ఒకరు వాళ్ల స్టీవర్డ్ వెళ్లండి. కారణం వినపడేలా చెప్పండి. అతిథి దారిలోంచే బయటికి తీసుకెళ్లండి, హోమ్ అభిమానుల మధ్య నుంచి ఎప్పుడూ కాదు. మైనర్‌ను ఒంటరిగా వీధిలో వదలకండి. గోల్ పడిన వెంటనే, పెనాల్టీ వివాదం మధ్యలో ఈ పని పెట్టుకోకండి. నాలుగు నిమిషాలు ఆగితే అదే పని చప్పుడు లేకుండా అయిపోతుంది.

మంటలు వెలిగించే ఫ్లేర్ విషయంలో తొందరపాటు ఫ్లేర్ కంటే ప్రమాదం. అది వెయ్యి డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడితో మండుతుంది. కావలసిన ఆక్సిజన్ దాని లోపలి మందులోనే ఉంటుంది కాబట్టి నీళ్లు పోస్తే ఆరదు, తొక్కితే చెప్పు కరుగుతుంది. జనంలోకి దూసుకెళ్లకండి. వేడి ఆపే చేతి తొడుగులు వేసుకున్న ఇద్దరు, పొడి ఇసుక బకెట్‌తో నడవా చివర సిద్ధంగా ఉండాలి. నేల మీద పడ్డాక పటకారుతో తీసి ఇసుకలో పాతాలి. వెలిగించిన మనిషిని కెమెరా పట్టుకుంటుంది. చర్య ఆ మనిషి మీదే ఉండాలి, మూడు వేల మంది మీద కాదు.

హోరును పాడుచేయకండి

వాతావరణం తయారు చేద్దామని క్లబ్‌లు చేసే పనులే చాలాసార్లు దాన్ని చంపేస్తాయి. స్పీకర్లలో చెవులు చిల్లులు పడేలా పాటలు పెడితే, స్టాండ్‌లో ఎవరూ పాడరు. పాడినా పక్కవాడికే వినపడదు. కిక్కాఫ్‌కు ముందు చివరి పది నిమిషాల్లో జట్ల పేర్లు తప్ప మైక్‌ను మూసేయండి. మొదటి రెండు నిమిషాలు వింతగా, ఖాళీగా ఉంటుంది. మూడో నిమిషంలో అతిథి మూల నుంచి పాట లేస్తుంది. దానికి జవాబుగా మీ స్టాండ్ ఎత్తుకుంటుంది. ఆ తర్వాత మీరు చేయాల్సిందేమీ ఉండదు. గోల్ తర్వాత పెట్టే సంగీతం కూడా ఇంతే. జనం అరుపు తగ్గేదాకా మీట నొక్కకండి.

డ్రమ్ముల చోటు చూడండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. మైదానం ఒక చివర నుంచి ఇంకో చివరకు వంద మీటర్ల పైన. అంటే ఒక వైపు కొట్టిన దెబ్బ మరో వైపు చేరడానికి దాదాపు 0.3 సెకన్లు. నిమిషానికి 120 దెబ్బల తాళంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను. సొంత అభిమానుల డ్రమ్ములు రెండు చివర్లా పెడితే తాళం సగం దెబ్బకు పైగా జారిపోతుంది, పాట కుంటుతుంది. మీ డ్రమ్ములన్నీ ఒకే చోట, స్టాండ్ మధ్యలో, కిందికి దగ్గరగా ఉండాలి. అతిథులకూ ఇదే వర్తిస్తుంది. వాళ్ల డ్రమ్‌ను బ్లాక్ అంచుకు తోయకండి, మధ్యలో ఉంచనివ్వండి. కప్పు తక్కువ ఎత్తులో ఉన్న స్టాండ్‌లో గొంతు తిరిగి కిందికి కొడుతుంది. జర్మనీ క్లబ్ డార్ట్‌మండ్ స్టేడియంలో దక్షిణ స్టాండ్ ఒకే వాలుగా 24,454 మంది నిలబడేలా ఉండటం, నెత్తిన కప్పు ఉండటం వల్లే అక్కడి పాట అంత చిక్కగా వినిపిస్తుంది. మీకు అంత స్టాండ్ లేకపోయినా, పాడేవాళ్లందరినీ కప్పు కింద వెనక వరసల్లో ఒక్కచోట చేర్చవచ్చు.

అతిథి జట్టు పేర్లు చదివేటప్పుడు సరిగ్గా ఉచ్చరించండి. గొణగడం, వేగంగా దాటేయడం వద్దు. ఎగతాళి చేసే సంగీతం అసలే వద్దు. ఆటపట్టించడం అభిమానుల హక్కు, మైక్ పట్టుకున్న క్లబ్‌ది కాదు.

ఆటపట్టించడానికీ ఒక గీత ఉంది. రంగు, జాతి, మతం మీద అరిస్తే మూడు అంచెల పద్ధతి ఉంది: రిఫరీ ఆట ఆపి ప్రకటన చేయిస్తారు, ఆగకపోతే ఆటగాళ్లు లోపలికి వెళ్తారు, అప్పటికీ ఆగకపోతే మ్యాచ్ రద్దు. ప్రకటన ముందే రాసి రెండు భాషల్లో సిద్ధంగా ఉంచుకోండి. విషాదాలను ఎత్తి పాడే పాటలు కూడా ఈ కోవలోవే. మాంచెస్టర్ యునైటెడ్ జట్టు ఉన్న విమానం కూలిన 1958 మ్యూనిక్ ప్రమాదం మీద, హిల్స్‌బరో మీద పాడినవారిపై ఇంగ్లండ్‌లో చర్యలు తీసుకుంటున్నారు. మొదటి పాట మీ సొంత స్టాండ్ నుంచి వస్తే ముందు దాన్నే ఆపించండి. అతిథుల బ్లాక్‌నే కెమెరాతో చూస్తూ మీ వైపు వదిలేస్తే, మీరు చెప్పే మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు.

సాగనంపడం

బయటికి వెళ్లే దారుల లెక్క మళ్లీ గ్రీన్ గైడ్‌దే. చదునైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది, మెట్ల మీద 66 మంది. మామూలుగా బయటపడటానికి 8 నిమిషాలు దాటకూడదు. 3,000 మంది 8 నిమిషాల్లో అంటే నిమిషానికి 375. చదును దారి అయితే 4.6 మీటర్ల వెడల్పు, మెట్లైతే 5.7 మీటర్లు. మీ మూలలో 1.2 మీటర్ల గేట్లు రెండే ఉంటే 15 నిమిషాలు పడుతుంది. అలాంటప్పుడు ఇంకో గేటు తెరవండి, లేదా కేటాయింపు తగ్గించండి. మూడో దారి లేదు. ఆట జరిగినంతసేపూ ఈ గేట్ల దగ్గర మనిషి ఉండాలి, తాళం ఉండకూడదు, తలుపు బయటికి తెరుచుకోవాలి. గుంపును చెదరగొట్టే వాయువును స్టేడియంలో వాడొద్దని ఫిఫా భద్రతా నిబంధనలు స్పష్టంగా చెబుతాయి. డ్యూటీకి వచ్చే పోలీసు అధికారికి ఆ పేజీ ముందే చూపించండి.

మ్యాచ్ అయ్యాక అతిథుల్ని ఆపి ఉంచడం తప్పనిసరి అయితేనే చేయండి. ఆపితే 75వ నిమిషానికి ముందే చెప్పండి. ఎందుకో, ఎన్ని నిమిషాలో చెప్పండి. 15 అన్నాక 15కే వదలండి. మరుగుదొడ్లు, నీళ్లు తెరిచే ఉంచండి. తెర మీద మిగిలిన నిమిషాలు కనబడాలి. ఏమీ చెప్పకుండా దీపాలు తగ్గించి, గొలుసు వేసి నిలబెట్టడం వల్ల వచ్చే కోపం ఓటమి వల్ల వచ్చే కోపం కంటే ఎక్కువ. ఆ కోపంతోనే వాళ్లు వీధిలోకి దిగుతారు. వాళ్ల ఆటగాళ్లు చప్పట్లు కొట్టడానికి ఆ మూలకు వస్తే రెండు నిమిషాలు ఇవ్వండి. ఆ సమయంలో పచ్చికకు నీళ్లు వదలకండి.

బస్సులు ముఖం బయటికి పెట్టి ఉండాలి, డ్రైవర్లు 80వ నిమిషానికి సీట్లలో ఉండాలి. ఆఖరి రైలు సమయం సేఫ్టీ ఆఫీసర్ ముందు గోడ మీద రాసి ఉండాలి, ఎక్స్‌ట్రా టైమ్ ఉన్న మ్యాచ్ అయితే మరీ.

మర్నాడు ఉదయం అవతలి అనుసంధాన అధికారికి ఫోన్ చేయండి. ఆఖరి మనిషి టర్న్‌స్టైల్ దాటిన సమయం, క్యూ గరిష్ఠ పొడవు, బయటికి పంపినవాళ్ల సంఖ్య, అందిన ఫిర్యాదులు, ఆఖరి బస్సు కదిలిన సమయం మీ పుస్తకంలో తేదీ వేసి రాయండి. వాళ్లు చెప్పిన ఇబ్బందులను వాళ్ల మాటల్లోనే పక్కన రాయండి. వచ్చే సీజన్ అదే జట్టు వచ్చేటప్పుడు ఆ పేజీతోనే మొదటి ఫోన్ మొదలుపెట్టండి.